ఇల్లు మారే పూట



సింగరేణి బొగ్గుగనుల్లో ప్రతి నెలా చివరి రోజున సన్మానాలు జరుగుతాయి. ఆ నెల రిటైరయ్యే కార్మికులకు బాయి మీద, అంటే గని దగ్గరే, శాలువా కప్పుతారు, దండ వేస్తారు, తోటివాళ్లు పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. డప్పు చప్పుళ్లతో ఇంటిదాకా సాగనంపేవాళ్లూ ఉన్నారు. శ్రీరాంపూర్‌లో ఆర్కే-5, ఆర్కే-7, శ్రీరాంపూర్-1, శ్రీరాంపూర్-3, ఇందారం గనుల మీద పనిచేసినవాళ్ల ఇళ్లన్నింటికీ ఈ వేడుక తెలుసు. 2021లో రిటైర్మెంటు వయసును 60 నుంచి 61కి పెంచారు కాబట్టి ఇప్పుడు ఇంకో ఏడాది ఆలస్యంగా జరుగుతున్నది, అంతే తేడా. ఆ తర్వాత జరిగేది మాత్రం ఎవరూ ఫొటో తీయరు. దండ వాడకముందే ఇంట్లో ఒక మాట మొదలవుతుంది. క్వార్టర్ ఎప్పుడు ఖాళీ చేద్దాం? ఎక్కడికి పోదాం?

పాతికేళ్లో ముప్పయ్యేళ్లో ఒకే క్వార్టర్‌లో ఉన్న సంసారం అది. కరెంటు, నీళ్లు కంపెనీవి. దవాఖాన నడిచిపోయే దూరం. ముందు జాగాలో వేసిన జామచెట్టు, వెనుక వేసిన రేకుల పాక, పాక కింద ఎవరూ కదపని రోలు. ఈ సంసారాన్ని నస్పూర్‌లోనో తీగల్‌పహాడ్‌లోనో కట్టుకున్న సొంతింటికి, లేదా మంచిర్యాలలో కిరాయి గదులకు, లేదా కరీంనగర్ జిల్లాలోని సొంతూరికి చేర్చాలి. డబ్బు ఉన్నవాళ్లు డీసీఎం మాట్లాడుకుంటారు, హమాలీలను పెట్టుకుంటారు, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి పాలు పొంగిస్తారు. నేను మాట్లాడేది వాళ్ల గురించి కాదు.

గనుల్లోకి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు రాకముందు కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మస్ పట్టుకొని దిగేవాళ్లు. చెమ్మస్‌తో బొగ్గును తట్టలోకి తోడి, తట్టను నెత్తికెత్తుకొని టబ్బులో పోయడమే పని. అలా రోజూ టన్నుల కొద్దీ బొగ్గు ఎత్తిన నడుము ఇవాళ సొంత బీరువాను జానెడు జరపలేదు. కొడుకు హైదరాబాద్‌లో, బిడ్డ అత్తగారింట్లో. ఫోన్ చేస్తే ‘ఆదివారం వస్తా బాపూ’ అంటాడు కొడుకు, ఆదివారం డ్యూటీ పడుతుంది. బాయిల పనిచేసేటప్పుడు ఒక్క పిలుపుకు వచ్చే జతగాళ్లు కూడా ఇదే వయసువాళ్లు, అవే నడుములు. ఇక భర్త పోయిన తర్వాత క్వార్టర్ వదలాల్సి వచ్చిన ఆడమనిషి పరిస్థితి చెప్పాల్సిన పనిలేదు. మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఇల్లు, కిరాయి కట్టలేక చిన్న గదికి మారుతున్న కుట్టుపని మనిషి, బస్తీలో ఒంటరిగా ఉండి ఓనర్ ఖాళీ చేయమన్న ముసలవ్వ, వీళ్లంతా ఇదే వరుసలో ఉన్నారు. వీళ్లకు కావాల్సింది చందా కాదు. ఒక పూట, నాలుగు చేతులు.

ఆ చేతులు మన దగ్గర ఉన్నాయి. మంచిర్యాల, లక్సెట్టిపేట, బెల్లంపల్లి డిగ్రీ కాలేజీల్లో జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్‌, నడుస్తున్నది. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, అప్పటి విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు దీన్ని మొదలుపెట్టారు. అప్పుడు 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. ‘నేను కాదు, మీరు’ అన్నది దాని నినాదం. చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, ఒక ఊరిలో ఏడు రోజుల క్యాంపులో ఉండాలి. ఈ గంటలు ఎక్కడ ఖర్చవుతున్నాయో మనకు తెలుసు. మొక్కలు నాటడం, ర్యాలీ తీయడం, బడి ఆవరణ ఊడ్చడం, గోడ మీద నినాదం రాయడం. వీటిని తప్పుపట్టను. కానీ నాటిన మొక్కకు వేసవిలో నీళ్లు పోసేవాళ్లు లేనప్పుడు, అదే గంటలు పక్క వీధిలో మూటలు కట్టుకుంటున్న ముసలిదంపతుల ఇంట్లో ఎందుకు ఖర్చుకావు?

ఇల్లు మారడం మన ప్రాంతానికి కొత్త సంగతి కాదు. ఉత్తర తెలంగాణ చరిత్రలో సగం సామాను సర్దుకున్న చరిత్రే. బెల్లంపల్లిలో గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే కార్మికులు బదిలీ కాగితం పట్టుకొని మందమర్రికి, శ్రీరాంపూర్‌కు, భూపాలపల్లికి కదిలారు. నిండుగా ఉన్న క్వార్టర్ల వరుసలు అక్కడ ఖాళీ అయ్యాయి. గోదావరి మీద శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టుకు 2004లో పునాది పడింది. 20 టీఎంసీల నీళ్ల కోసం ఇటు గుడిపేట, రాపల్లి, చందనాపూర్, కర్ణమామిడి, అటు కరీంనగర్ వైపు చెగ్యాం వంటి ఊళ్లు మునిగాయి. ముంపు ఊళ్లలో ఇల్లు మారడమంటే సామాను మార్చడం కాదు, ఇంటినే విప్పుకుపోవడం. దర్వాజలు పీకుతారు, దూలాలు దించుతారు, పెంకులు ఒక్కొక్కటీ ఏరి ట్రాక్టర్‌లో పేరుస్తారు. పునరావాస కాలనీకి పోయాక ఆ దర్వాజ కొత్త ఇంటికి పట్టదు, గోడకు ఆనించి ఉంటుంది. పరిహారం ఎంత వచ్చింది, ఎంత రాలేదు అన్న లెక్కలు పేపర్లలో వచ్చాయి. ఆ దర్వాజను ఎవరు పీకారు, ఎవరు మోశారు అన్నది ఎక్కడా రాలేదు.

2022 జూలై సంగతి ఇంకా మరిచిపోలేదు. కడెం ప్రాజెక్టు 18 గేట్లూ తట్టుకోలేనంత వరద వచ్చి, కింది ఊళ్లన్నీ రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. మంచిర్యాలలో రాళ్లవాగు ఎదురుతన్ని ఎన్‌టీఆర్ నగర్, రాంనగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మాతా శిశు ఆసుపత్రి నుంచి బాలింతలను, పసిబిడ్డలను తరలించారు. వరద వచ్చినప్పుడు కులం, వాడ, పార్టీ చూడకుండా ఈ ప్రాంతం యువకులు నీళ్లలో దిగుతారు. అందులో అనుమానం లేదు. వరద వస్తే దిగేవాళ్లు, వరద లేని మామూలు మంగళవారం నాడు ఎక్కడ ఉంటారన్నదే నా ప్రశ్న. మామూలు మంగళవారం అన్నాను గాని, మంగళవారం ఎవరూ ఇల్లు మారరు. మూఢం, ఆషాఢం, శూన్యమాసం పోను మిగిలిన మంచిరోజుల్లోనే అందరూ ఒకేసారి కదులుతారు. అందుకే ఆ రోజుల్లో ట్రాలీ ఆటో దొరకదు, దొరికితే కిరాయి రెట్టింపు.

ఇల్లు మార్చే సాయం ఎలా ఉండాలో, ఎక్కడ దారి తప్పుతుందో తెలియాలంటే జపాన్‌లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1995 జనవరి 17న కోబె నగరంలో భూకంపం వచ్చింది. ఆరువేల మందికి పైగా చనిపోయారు. ఆ ఏడాది పదిలక్షల మందికి పైగా జనం సాయానికి తరలివచ్చారు. వాళ్లలో చాలామంది విద్యార్థులు. అంతకుముందు అక్కడ అంత పెద్ద ఎత్తున అలాంటి సేవ లేదు, అందుకే 1995ను ఆ దేశం స్వచ్ఛంద సేవకు మొదటి ఏడాదిగా లెక్కబెడుతుంది. శిబిరాల్లో ఉన్న ముసలివాళ్లను తాత్కాలిక ఇళ్లకు మార్చినప్పుడు సామాను మోసినవాళ్లలో ఈ పిల్లలూ ఉన్నారు. మంచిపనే. అయితే ఆ ఇళ్లను లాటరీ తీసి కేటాయించారు, వృద్ధులకు, వికలాంగులకు ముందు ఇచ్చారు. చూడటానికి న్యాయంగానే ఉంది. ఫలితం ఏమయ్యింది? ఏళ్లుగా ఒకే సందులో బతికినవాళ్లు చెల్లాచెదురయ్యారు, ముక్కూమొహం తెలియని ముసలివాళ్లంతా ఒకచోట చేరారు. ఆ తాత్కాలిక ఇళ్లలో రెండువందల మందికి పైగా ఎవరికీ తెలియకుండా ఒంటరిగా చనిపోయారు. 2004లో నీగతా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు ఆ తప్పు మళ్లీ చేయలేదు. యమకోషి గ్రామం జనాన్ని ఏ వాడవాళ్లను ఆ వాడగానే, పాత ఇరుగుపొరుగు చెడకుండా కలిపి ఉంచారు.

శ్రీరాంపూర్‌కు కోబె దూరమే గాని ఈ సంగతి దూరం కాదు. క్వార్టర్ల వరుసలో గోడకు గోడ ఆనుకొని ఉంటుంది. పక్కింట్లో దగ్గితే వినిపిస్తుంది. పొద్దున తలుపు తీయకపోతే ‘ఏమైందే అక్కా’ అని పక్కింటామె వచ్చి కొడుతుంది. అక్కడినుంచి లేచి ఎవరూ తెలియని కొత్త ప్లాట్లలో ఒంటరిగా పడిన రిటైర్డ్ కార్మికుడికి, ఆయన భార్యకు, మొదటి ఆరునెలలు ఎలా ఉంటాయో వాళ్లను అడగండి. కాబట్టి ఇల్లు మార్చడంలో సాయమంటే సామాను దించి చెప్పులేసుకొని వెళ్లిపోవడం కాదు. వారం తర్వాత ఒకసారి పోవాలి. పక్కింటివాళ్లకు వీళ్లను పరిచయం చేయాలి. ‘ఈ అవ్వ ఒక్కతే ఉంటది, జర చూస్తుండు పెద్దమ్మా’ అన్న మాట బీరువా మోసినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. మన కరీంనగర్, మంచిర్యాల పిల్లలు అమెరికాకు చదువుకు పోతున్నారు కదా. అక్కడ కొత్తగా దిగిన విద్యార్థిని ఎయిర్‌పోర్టుకు పోయి కారులో తెచ్చేది మన విద్యార్థి సంఘాల పిల్లలే. ఇల్లు దొరికేదాకా తమ గదిలో చోటిచ్చేదీ వాళ్లే. చదువు అయిపోయి వెళ్లేవాళ్లు పరుపు, రైస్ కుక్కర్, బల్ల, కుర్చీ వచ్చేవాళ్లకు వదిలిపెడతారు. ఎవరూ ఎవరికీ చుట్టాలు కారు. ఊరి పేరు చెప్తే చాలు, మూడో అంతస్తుకు సోఫా ఎక్కించడానికి నలుగురు వస్తారు. ఇక్కడ అదే పిల్లవాడి నాయిన క్వార్టర్ ఖాళీ చేస్తుంటే చేయి వేసేవాళ్లు దొరకడం లేదు. పిల్లల్లో గుణం లేదని కాదు దీని అర్థం. అక్కడ అడగడానికి ఒక ఏర్పాటు ఉంది, ఇక్కడ లేదు.

ఏర్పాటు పెద్దదేమీ కానక్కరలేదు. కాలేజీలో ఒక నోట్‌బుక్, ఒక ఫోన్ నంబరు, ఒక లెక్చరర్. ఆశ వర్కరుకు, అంగన్‌వాడీ టీచరుకు, యూనియన్ ఆఫీసులో కూర్చునే కాకకు ఆ నంబరు తెలిస్తే చాలు. ఎవరింట్లో ఎవరికి కష్టమో వాళ్లకు తెలిసినంతగా ఏ దరఖాస్తుకూ తెలియదు. పేదరికం రుజువు చేసుకోమని కాగితాలు అడగొద్దు.

పని ఎలా చేయాలో కూడా కొంచెం చెప్తాను, ఎందుకంటే ఉత్సాహం ఒక్కటే ఉంటే నష్టం జరుగుతుంది. ముందురోజు ఇద్దరు పోయి ఇల్లు చూసి రావాలి. ఆడవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికి అమ్మాయిలు తప్పకుండా ఉన్న జట్టే పోవాలి. బంగారం, పైసలు, కాగితాలు, మందులు ఒక సంచిలో వేసి ఇంటివాళ్లే చంకకు తగిలించుకోవాలి. ఆ సంచిని విద్యార్థులు ముట్టొద్దు. దేవుని పటాలను ఎవరు తీయాలో, ఏ సామాను ముందు కొత్త ఇంట్లో అడుగుపెట్టాలో ఇంటి పెద్దమనిషిని అడగాలి, మీకు నమ్మకం ఉన్నా లేకున్నా. బీరువాను ఖాళీ చేసి, తాళం వేసి, అద్దం ఉంటే దానికి బొంత చుట్టి కట్టాలి. ఫ్రిజ్‌ను నిలబెట్టే తీసుకుపోవాలి. పడుకోబెట్టి తేవాల్సి వస్తే, దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. గ్యాస్ సిలిండర్‌కు రెగ్యులేటర్ తీసి మూత బిగించాలి. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచొద్దు, మోకాళ్లు వంచాలి. ఇది బాయిలో పనిచేసిన తాతలు బాగా చెప్తారు, వినండి. మామిడికాయ తొక్కు జాడీ ట్రాలీలో పెట్టొద్దు. అది ఒకరి ఒడిలోనే ప్రయాణం చేయాలి.

పాత సామాను దగ్గరే అసలు పరీక్ష. చిల్లుపడిన ఇత్తడి సర్వ, తుప్పుపట్టిన సందుగ, మూడు కాళ్ల పీట కనిపించగానే చదువుకున్న పిల్లవాడి నోట్లోంచి మొదట వచ్చే మాట ‘ఇది పారేద్దామా అవ్వా?’ అన్నదే. ఆ అవ్వ ఒక నిమిషం మాట్లాడదు. ‘అది మా అత్తది బిడ్డా’ అంటుంది. అంతే, ఆ సర్వ ట్రాలీ ఎక్కాల్సిందే. కొత్త ఇంట్లో జాగా లేకపోతే అది ఆమె చూసుకుంటుంది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని చెప్పే హక్కు మోయడానికి వచ్చినవాళ్లకు లేదు.

ఫొటోల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. నాలుగు గోడల మధ్య ఉన్నప్పుడు ఏ ఇల్లయినా గౌరవంగానే ఉంటుంది. సామాను వీధిలోకి వచ్చిన రోజు చిరిగిన పరుపు, అతుకుల దుప్పటి, సొట్టలు పడ్డ బోల్లు అన్నీ వాడ చూస్తుంది. ఇంటామె కొంగుతో వాటిని కప్పే ప్రయత్నం చేయడం నేను చూశాను. అటువంటి ట్రాలీ ముందు బ్యానర్ పట్టుకొని నిలబడి, వాట్సాప్‌లో పెట్టడానికి ఫొటో దిగడం నా దృష్టిలో సేవ కాదు, దొంగతనం. ఎన్‌ఎస్‌ఎస్‌ రిపోర్టుకు ఫొటో కావాలంటే, అందరూ వెళ్లాక ఖాళీ ట్రాలీ ముందు దిగండి.

మోతకంటే కష్టమైన ఇంకో పని ఉంది. అది కాగితాల మార్పు. చదువుకున్న పిల్లలు అక్కరకు వచ్చేది నిజానికి ఇక్కడే. క్వార్టర్‌లో ఉన్నన్ని రోజులూ కరెంటు బిల్లు ఎరగని మనిషి కొత్త ఇంట్లో మీటరు చూసి బెదిరిపోతాడు. ఆధార్‌లో చిరునామా మారాలి. ఓటు కొత్త బూత్‌కు మారాలంటే ఫారం-8 నింపాలి. గ్యాస్ ఏజెన్సీ మారితే బదిలీ కాగితం తేవాలి. రేషన్ బియ్యం ఏ షాపులోనైనా తీసుకోవచ్చన్న సంగతి ముసలివాళ్లలో చాలామందికి తెలియదు. పాత డీలరు దగ్గరికే ఆటోకు పైసలు పెట్టుకొని వస్తుంటారు. రిటైరైనవాళ్లకు వైద్యం కోసం సీపీఆర్‌ఎంఎస్ కార్డు ఉంటుంది, దాన్ని ఏ మూటలో కట్టారో గుర్తుండదు. 1998 నాటి బొగ్గుగని పింఛను పథకం కింద వచ్చే పింఛనుకు ఏటా బతికున్నామని రుజువు ఇవ్వాలి. ఆ జీవన ప్రమాణ పత్రం ఇప్పుడు ఫోన్‌లో మొహం చూపించినా సరిపోతుంది. ఆ ఫోన్ విద్యార్థి చేతిలో ఉంది. కొందరికి ఆ పింఛను నెలకు వెయ్యి రూపాయలకు అటూఇటుగానే వస్తుంది. ఎంత చిన్నదైనా అది ఆగిపోతే ఆ ఇంట్లో బీపీ గోళీలు ఆగిపోతాయి.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పి ముగిస్తాను. విద్యార్థులు ఉచితంగా మోస్తే హమాలీల పొట్ట కొట్టినట్టు కాదా అని అడిగేవాళ్లుంటారు. సరైన ప్రశ్నే. పైసలు ఇచ్చుకోగలిగినవాళ్లు హమాలీనే పిలవాలి, అడిగినంత కూలి ఇవ్వాలి. ఆఫీసర్ల ఇళ్లు, లెక్చరర్ల ఇళ్లు మార్చడానికి విద్యార్థులను పంపే అలవాటు ఎక్కడైనా ఉంటే అది వెట్టి కిందికి వస్తుంది. దాన్ని అక్కడే తుంచేయాలి. విద్యార్థుల జట్టు పోవాల్సింది హమాలీని పిలిచే స్తోమత లేని ఇంటికి మాత్రమే. వీలైతే అనుభవం ఉన్న ఒక హమాలీకి కాలేజీయే కూలి ఇచ్చి, పిల్లలకు ముందుగా తాడు ముడి వేయడం, మెట్ల మీద బీరువా దించడం నేర్పించాలి. ఆ పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు. హమాలీలను గురువులుగా నిలబెడితే వాళ్ల మర్యాదా నిలుస్తుంది.

కాలేజీల్లో ఎన్‌ఎస్‌ఎస్‌ చూసే ప్రోగ్రాం ఆఫీసర్లకు నా మనవి ఒక్కటే. రాబోయే సెప్టెంబర్ 24న ఎన్‌ఎస్‌ఎస్‌ దినోత్సవానికి ర్యాలీ తీసే ముందు, ఆ నెలాఖరున శ్రీరాంపూర్, నస్పూర్, సీసీసీ కాలనీల్లో ఎవరు క్వార్టర్ ఖాళీ చేస్తున్నారో కనుక్కోండి. వాళ్లలో సాయం లేనివాళ్లు ఎవరో యూనియన్లను అడగండి. ఒక్క ఇంటితో మొదలుపెట్టండి. విద్యార్థులు చేయాల్సిన 120 గంటల లెక్కలో ఆ పూటను, వారం తర్వాత వాళ్లు మళ్లీ చూసివచ్చిన గంటను కూడా రాసి సంతకం పెట్టండి.